వేంగి నుంచి శీఆన్‌కు: తెలుగు చెవితో చైనా భాష విన్న పద్నాలుగు రోజులు

2019 జూలై 7, ఆదివారం

రాత్రంతా కౌలాలంపూర్ విమానాశ్రయంలో కుర్చీల మీదే గడిపి, పొద్దున్నే ఎక్కిన విమానం మధ్యాహ్నం దాటాక మమ్మల్ని శీఆన్‌లో దింపింది. మన సమయం చూపిస్తున్న చేతి గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు తిప్పుకున్నాను. హైదరాబాదులో రెండేళ్లుగా సాయంత్రపు తరగతుల్లో చైనా భాష నేర్చుకుంటున్న పన్నెండు మందిమి, రెండు వారాల వేసవి శిక్షణ కోసం ఇక్కడి ఒక విశ్వవిద్యాలయానికి వచ్చాం. మాలో తెలుగువాళ్లం ఐదుగురం. నాది ఏలూరు.

విమానాశ్రయం ఊరికి వాయవ్యాన, ఒకప్పుడు ఛిన్ రాజుల రాజధాని అయిన శ్యెన్‌యాంగ్ పక్కన ఉంది. అక్కడి నుంచి బస్సు వెయ్ నదిని దాటి దక్షిణంగా వచ్చింది. దారి పొడవునా మొక్కజొన్న చేలు, వాటి వెనక ముప్పై అంతస్తుల ఇళ్ల వరసలు కనిపించాయి. ఎండ మాత్రం అచ్చం మా ఊరి ఎండే.

మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన ఉపాధ్యాయురాలిని అందరూ పిలిచినట్టే మేమూ ‘లావోషి’ అని పిలిచాం. ఆ మాటకు గురువు అని అర్థం. బస్సులో నేను ఊరి పేరు ‘షియాన్’ అన్నాను. ఆవిడ నవ్వుతూనే, అది ఒక అక్షరం కాదు, రెండు అని సరిదిద్దారు. శీ అంటే పడమర, ఆన్ అంటే శాంతి. రెండూ కలిసిపోకూడదనే రోమన్ లిపిలో రాసేటప్పుడు ఆ రెంటి మధ్య పైన చిన్న కామా పెడతారు. అది లేకపోతే వేరే మాట అవుతుంది. ‘శీ, ఆన్’ అని విడగొట్టి పలికేసరికి ఆవిడ తల ఊపారు. ఆ ‘శీ’లో నేను పలికింది ‘శంఖం’లోని శ అన్న సంగతి నాకు మర్నాడు గానీ తట్టలేదు.

జూలై 8, సోమవారం

పొద్దున ఎనిమిదింటికే స్థాయి పరీక్ష, తొమ్మిదిన్నరకల్లా తరగతి. కజకస్తాన్, థాయిలాండ్, ఇటలీ నుంచి వచ్చిన వాళ్లతో కలిపి పద్దెనిమిది మందిమి ఒక గదిలో కూర్చున్నాం. ప్రతి బల్ల మీదా ఒక మూత సీసా ఉంది, ప్రతి సీసాలోనూ వేడినీళ్లే. నడవ చివర నిరంతరం మరుగుతూ ఉండే నీళ్ల యంత్రం ఉంది. మండు వేసవిలో కూడా ఇక్కడ చన్నీళ్లు అడిగేవాళ్లు తక్కువ.

మొదటి పాఠానికి లావోషి ఒక కాగితపు రుమాలును సన్నగా చింపి, పెదవులకు నాలుగు వేళ్ల దూరంలో పట్టుకున్నారు. ఒక మాట అన్నారు, కాగితం కదల్లేదు. మరో మాట అన్నారు, కాగితం ఎగిరిపడింది. చైనా 1958లో స్వీకరించిన పిన్‌యిన్ అనే రోమన్ పద్ధతిలో మొదటిదాన్ని ‘బి’ అక్షరంతో, రెండోదాన్ని ‘పి’ అక్షరంతో రాస్తారు. కానీ వినబడింది మాత్రం మన ప, ఫలే. ఆ ఫ ఇంగ్లీషు అలవాటుతో ఈమధ్య పై పళ్లను కింది పెదవికి ఆనించి పలుకుతున్నది కాదు, ‘ఫలము’ అని పెద్దలు ఊపిరి ఒత్తి పలికేది. అలాగే పిన్‌యిన్‌లో ‘డి’ అని రాసిన చోట త, ‘టి’ అని రాసిన చోట థ, ‘జి’ అని రాసిన చోట క, ‘కె’ అని రాసిన చోట ఖ పలుకుతాయి. అంటే మనం ‘బీజింగ్’ అంటున్న ఊరి పేరు అక్కడివాళ్ల నోట పెయ్‌చింగ్‌కు దగ్గరగా ఉంటుంది.

రెండేళ్లుగా నా నోటుపుస్తకంలో ప్రతి మాటనూ రోమన్ అక్షరాల్లో రాసుకుని, ఇంగ్లీషు ఉచ్చారణతో చదివి, తప్పులు చేసి బాధపడ్డాను. ఈ పూట ఆ పుస్తకం తిరగేసి మొదటి పేజీలోనే పక్కన తెలుగు అక్షరాలు వేశాను. ఇంగ్లీషు మెట్టు మీద నిలబడి చైనా భాషను అందుకోబోవడమే మేం చేసిన పొరపాటని నాకు గట్టిగా అనిపించింది.

జూలై 9, మంగళవారం

మా తాతయ్య దెందులూరు దగ్గర ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెప్పేవారు. సెలవులకు వెళ్లిన మనవలందరి చేతా శ, ష, సలను విడివిడిగా పలికించేవారు. శకు నాలుక మధ్యభాగం అంగిటి వైపు లేవాలి, షకు నాలుక కొన వెనక్కి మడవాలి, సకు పళ్ల దగ్గరే ఉండాలి. ‘మూడూ ఒకలాగే అంటే మూడక్షరాలెందుకురా’ అనేవారు. మాకది అప్పట్లో చాదస్తంలా ఉండేది.

ఇవాళ బల్ల మీద లావోషి మూడు మాటలు రాశారు. ‘పడమర’కు శీ, ‘పది’కి ష, ‘నాలుగు’కు స అన్నారు. రెండోదానిలో, మూడోదానిలో అచ్చు దాదాపు లేనట్టే, నాలుక ఉన్నచోటనే హల్లు సాగుతుంది. ఇటలీ అమ్మాయికి మొదటి రెండూ ఒకటిగా వినబడుతున్నాయి. నాకు మాత్రం తాతయ్య గొంతు వినబడింది. లేచి పలికాను. లావోషి నన్ను మళ్లీ పలకమని, మిగిలినవాళ్లను నా నోటి కదలిక చూడమన్నారు.

అక్కడితో ఆగలేదు. మనకు చ రెండు రకాలు. ‘చెట్టు’, ‘చీమ’ అన్నప్పటిది తాలవ్యం, ‘ౘాలు’, ‘ౘలి’ అన్నప్పటిది దంత్యం. పాత పుస్తకాల్లో దంత్యానికి పైన గుర్తు పెట్టేవారు, ఇప్పుడు మానేశారు. కానీ నోట్లో ఆ తేడా బతికే ఉంది. చైనా భాషకు ఆ రెండూ కావాలి, ఊపిరి ఒత్తిన వాటి జోడీలూ కావాలి. మనకు లేనిది మూడో వరస ఒక్కటే. ట పలికే చోట నాలుక పెట్టి చ అనాలి. దానికి మా ఐదుగురికీ మధ్యాహ్నం దాకా పట్టింది.

స్వరాల సంగతి వేరు. నాలుగు స్వరాల్లో ఒకే ‘మా’ అమ్మ అవుతుంది, జనపనార అవుతుంది, గుర్రం అవుతుంది, తిట్టడం అవుతుంది. దీనికి అక్షరమాల సాయపడదు. అయినా మన మాటతీరులోనే నేను ఆనవాళ్లు వెతుక్కున్నాను. మొదటిది శ్రుతిపెట్టె పట్టిన ఒకే స్థాయి. రెండోది ఎవరో పిలిచినప్పుడు ‘ఏఁ?’ అని పైకి లేచే గొంతు. మూడోది సందేహంతో లోపలికి దిగి ఆగే ‘ఆఁ…’ అనే ధ్వని. నాలుగోది కుక్కను తరిమేటప్పుడు తెగ్గొట్టే ‘పో!’ అనే మాట. మూడో స్వరం వరసగా రెండుసార్లు వస్తే అందులో మొదటిది రెండో స్వరంగా మారుతుంది. ‘నీ హావో’లో జరిగేది అదే. భాషాశాస్త్రజ్ఞులు ఈ మార్పును ప్రపంచమంతటా ‘సంధి’ అనే సంస్కృత మాటతోనే పిలుస్తారని తెలిసి, ఉత్వసంధి సూత్రం వల్లెవేసిన మాకు కొంత ధైర్యం వచ్చింది.

జూలై 10, బుధవారం

సాయంత్రం తరగతి బయట మాకొక పని ఇచ్చారు. సంతకు వెళ్లి, ఫోన్ సాయం లేకుండా పళ్లు కొనుక్కు రావాలి. ఇక్కడ జనం క్యూఆర్ గుర్తును ఫోన్‌తో చదివించి డబ్బు కడుతున్నారు. మా దగ్గర నోట్లే ఉన్నాయి. పీచు పళ్లమ్మే పెద్దాయన ధర చెప్పాడు. ఇక్కడ తూకం ‘చిన్’ లెక్కన, అంటే అరకిలో. ఆయన చెప్పింది నాకు ‘ష’గా, పదిగా వినబడింది. పది యువాన్ల నోటు ఇచ్చాను. ఆయన నోటు తీసుకుని, ఆరు యువాన్లు తిరిగి నా చేతిలో పెట్టి, నాలుగు వేళ్లు చూపించి, నింపాదిగా ‘స’ అన్నాడు. పది అయితే ఇలా చూపిస్తామని రెండు చూపుడు వేళ్లను అడ్డంగా నిలువుగా పెట్టాడు. ఒంటి చేత్తో ఒకటి నుంచి తొమ్మిది దాకా లెక్కపెట్టే తీరు మొత్తం అక్కడే నేర్పాడు. ఆరుకు బొటనవేలూ చిటికెనవేలూ చాపాలి, ఎనిమిదికి బొటనవేలూ చూపుడువేలూ చాపాలి.

పలకడం వేరు, రద్దీలో వినడం వేరు. నిన్న తరగతిలో మెప్పు పొందిన నా నోటి కంటే నా చెవి చాలా వెనకబడి ఉందని ఆ పళ్లబండి దగ్గర తెలిసింది.

జూలై 11, గురువారం

పొద్దునంతా కొలమాన పదాల పాఠం. ‘మూడు పుస్తకాలు’ అనాలంటే మూడుకూ పుస్తకానికీ మధ్య పుస్తకాలను లెక్కించే ప్రత్యేకమైన మాట ఒకటి రావాలి. మనుషులకు మరో మాట, బల్లపరుపు వస్తువులకు ఇంకో మాట ఉన్నాయి. ‘మూడు మనుషులు’ అని ఎవరైనా అంటే మన చెవికి ఎలా తగులుతుందో తెలిసినవాళ్లకు, ‘ముగ్గురు’, ‘మూడు’ అని వేరు చేసే భాషలో పుట్టినవాళ్లకు, ఈ పద్ధతి వెనక ఉన్న ఆలోచన కొత్తగా అనిపించదు.

మధ్యాహ్నం ప్యాంగ్‌ప్యాంగ్ సేమ్యాలు తిన్నాం. నడుంపట్టీ అంత వెడల్పున చేత్తో సాగదీసి, బల్లకేసి కొట్టి చేస్తారు. ఆ పేరు రాసే అక్షరానికి యాభైకి పైగా గీతలున్నాయి. మామూలు నిఘంటువుల్లో అది కనబడదు, హోటల్ బోర్డుల మీదే కనబడుతుంది. వండే మనిషి గిన్నెలో సేమ్యాల మీద ఎండుమిరపకారం, తరిగిన ఉల్లికాడలు వేసి, పొగలు కక్కే నూనెను గరిటెతో పైనుంచి పోశాడు. సుయ్‌మన్న ఆ చప్పుడుకి, ఆ ఘాటుకి మా తెలుగు బల్ల మొత్తం ఒక్కసారి అటు తిరిగింది. అది తాలింపు. పేరు వేరు, అంతే.

జూలై 12, శుక్రవారం

పేలిన్ అనే శిలాశాసనాల మ్యూజియానికి తీసుకెళ్లారు. పేలిన్ అంటే శిలాఫలకాల అడవి. 1087లో మొదలైన ఈ సేకరణలో, నిలువెత్తు నల్లరాళ్ల మధ్య నడుస్తుంటే నిజంగా అడవిలో తిరిగినట్టే ఉంది. 837లో చెక్కడం పూర్తయిన ఖాయ్‌ఛెంగ్ రాళ్లు 114 ఉన్నాయి. వాటికి రెండువైపులా పన్నెండు ప్రాచీన గ్రంథాలు, దాదాపు 6,50,000 అక్షరాలు ఉన్నాయి. పుస్తకాలను నకలు రాసేవాళ్ల చేతుల్లో పాఠం మారిపోకుండా, అసలు పాఠం ఇదీ అని చూపించడానికి రాతిలో నిలిపారు.

ఒక మూల ఒక పనివాడు రాతి మీది నుంచి అచ్చు తీస్తున్నాడు. తడిపిన పల్చటి కాగితాన్ని రాతికి అంటించి, కుంచెతో కొట్టి కొట్టి అక్షరాల గుంటల్లోకి దించాడు. తడి కొంత ఆరాక, సిరాలో ముంచిన గుడ్డమూటతో పైన మెల్లగా తట్టుకుంటూ పోయాడు. గుంటల్లోని భాగం తెల్లగా మిగిలి, చుట్టూ నల్లబడింది. కడప జిల్లా కలమళ్లలో దొరికిన, క్రీ.శ. 575 నాటిదిగా చెప్పే తొలి తెలుగు శాసనం లాంటివాటికి మన శాసన పరిశోధకులు నకళ్లు తీసేదీ ఈ పద్ధతిలోనే. ఆ గదిలోని సిరా వాసన నాకింకా గుర్తుంది.

పెద్ద ఫలకాల్లో ఒకదాని ముందు లావోషి చాలాసేపు నిలబడ్డారు. భారతదేశం నుంచి గ్రంథాలు తెచ్చి అనువదించిన ఒక భిక్షువును మెచ్చుకుంటూ థాంగ్ చక్రవర్తి థాయ్‌ౘుంగ్ రాసిన ముందుమాట అది. 4వ శతాబ్దపు లేఖనకారుడు వాంగ్ శీచి చేతిరాతల్లోంచి ఒక్కొక్క అక్షరాన్నీ ఏరి, ఏళ్ల తరబడి కూర్చి, 672లో చెక్కించారు. ఆ భిక్షువు పేరు లావోషి చదివారు: శ్యువెన్‌ౘాంగ్. మొదట శంఖంలోని శ, తరవాత ౘాలులోని దంత్య ౘ. మా పాఠ్యపుస్తకాల్లోని హ్యుయాన్‌త్సాంగ్ ఈయనేనని తెలియడానికి నాకు ఒక క్షణం పట్టింది.

జూలై 13, శనివారం

లిన్‌థుంగ్ దగ్గరి మట్టిసైన్యాన్ని చూశాం. 1974లో రైతులు బావి తవ్వుతుండగా బయటపడిన ఈ సైన్యం గురించి అందరికీ తెలుసు, కాబట్టి నేను చూడాలనుకున్నదాన్ని గురించే రాస్తాను. క్రీ.పూ. 221లో దేశాన్ని ఒక్కటి చేసిన ఛిన్ షి హ్వాంగ్ తూకాలనూ కొలతలనూ బండిచక్రాల వెడల్పునూ మాత్రమే కాక, రాజ్యానికొక తీరున ఉన్న లిపినీ ఒకటిగా చేయించాడు. మంత్రి లీ స్స ఆధ్వర్యంలో స్థిరపడిన ఆ లిపి తరవాతి అక్షరాలన్నిటికీ మూలం. కొన్ని బొమ్మల మీద వాటిని చేసిన పనివాళ్ల పేర్లు పచ్చిమట్టిలోనే గీసి ఉన్నాయి. పనిలో లోపముంటే ఎవరిదో తెలియాలని పెట్టిన నియమం అది. రెండు వేల రెండు వందల ఏళ్ల తరవాత చక్రవర్తి సమాధిని ఇంకా తెరవలేదు గానీ, ఆ కుమ్మరుల పేర్లు మాత్రం చదవగలుగుతున్నారు.

జూలై 14, ఆదివారం

మాలో ఒక్కొక్కరికీ మాట్లాడి నేర్చుకోవడానికి ఒక స్థానిక విద్యార్థిని జత చేశారు. నా జత నాకంటే ఏడాది పెద్ద. కాబట్టి మొదటి రోజే తనను ‘చ్యెచ్యె’ అనమంది, అంటే అక్కా అని. ఇవాళ వాళ్ల ఇంటికి తీసుకెళ్లింది. మొన్న శుక్రవారంతో ‘సాన్‌ఫూ’ మొదలైంది. ఏడాదిలో కెల్లా ఉక్క ఎక్కువగా ఉండే రోజులు అవి, మనకు రోహిణి కార్తె లాంటివి. వాటి మొదటి విడతలో చ్యావోౘలు తినాలని ఉత్తరాది వాళ్ల ఆచారం.

గుమ్మంలోనే వాళ్లమ్మగారు ‘తిన్నావా?’ అని అడిగారు. చైనా భాషలో కూడా ప్రశ్న కావాలంటే వాక్యం చివర ‘మా’ తగిలిస్తే చాలు, మనం చివర ‘ఆ’ చేర్చినట్టే. బల్ల చుట్టూ కూర్చుని పిండి అప్పచ్చుల్లో కూర పెట్టి మడుస్తున్నాం. వాళ్లమ్మగారు నా వేళ్లు పట్టుకుని, అంచును ఎడమ నుంచి కుడికి కుచ్చెళ్లు పెట్టినట్టు నొక్కడం చూపించారు. కజ్జికాయ అంచు మడిచే చేతికి అది త్వరగానే పట్టుబడింది.

బంధుత్వాల మాట వచ్చింది. గోడ మీది ఫోటోలో ఉన్నవాళ్లను చ్యెచ్యె వరసగా చెప్పుకొచ్చింది. నాన్న అన్నగారు పోపో, తమ్ముడు షూషూ, నాన్న చెల్లెలు కూకూ, అమ్మ తమ్ముడు చ్యూచ్యూ. నేను ఒక్కొక్కరికీ ఎదురుగా పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, మేనమామ అని తెలుగు చెబుతూ పోయాను. ఇంగ్లీషులో చదువుకున్నప్పుడు అందరూ అంకుల్, ఆంటీలే. ఇక్కడ ఒక్క మాటకూ వివరణ అక్కర్లేకపోయింది. ఒక్కచోట మాత్రం దారులు వేరయ్యాయి. మనకు పిన్ని పిల్లలు సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో సమానం. వాళ్లకు నాన్న అన్నదమ్ముల పిల్లలు ఒక వరస, మేనత్త, మేనమామ, పిన్ని పిల్లలందరూ కలిసి మరో వరస.

చ్యెచ్యె నాన్నమ్మను ‘నాయ్‌నాయ్’ అంటారు. మన నాయనమ్మకూ ఆ మాటకూ చుట్టరికం ఏమీ లేదని తెలిసినా వినడానికి బాగుంది. ఆవిడ మాట్లాడేది ఈ ప్రాంతపు యాస. స్వరాలు తరగతిలో నేర్చినవి కావు. ఎన్నిసార్లు విన్నా ‘నేను’ అనే మాట అర్థం కాలేదు. ప్రామాణిక భాషలో ‘వో’ అంటారు. ఆవిడ నోట అది గొంతు వెనక నుంచి, ముక్కులోంచి వస్తోంది. మూడోసారికి గుర్తుపట్టాను. అది ఙ. అక్షరమాలలో నేర్చి, ఏ మాట మొదట్లోనూ ఒక్కసారి కూడా వాడని ఙ. ఆవిడ ‘నేను’ అన్న ప్రతిసారీ ఆ అక్షరంతోనే మొదలుపెడుతోంది.

చ్యావోౘలు ఉడికి బల్ల మీదికి వచ్చాక వాళ్లమ్మగారు ‘ౘాన్‌మెన్’ అంటూ మొదలుపెట్టారు. మామూలుగా ‘మేము’కూ ‘మనం’కూ పాఠాల్లో ఒకటే మాట చెబుతారు, ‘వోమెన్’ అని. ఉత్తరాది వాడుకలో మాత్రం ఎదుటివాళ్లను కలుపుకుంటే ‘ౘాన్‌మెన్’ అంటారు. ‘మనం తిందాం’ అన్నారావిడ. మేము, మనం తేడా తెలిసిన భాషలో పెరిగినందుకు, ఆ ఒక్క మాటతో ఆవిడ నన్ను ఎక్కడ కూర్చోబెట్టారో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలిసింది.

జూలై 15, సోమవారం

పొద్దున ఆరింటికి దక్షిణ ద్వారం పక్కన, కోటగోడ కింది తోటకు వెళ్లాను. 14వ శతాబ్దంలో మింగ్ వారు కట్టిన ఆ గోడ చుట్టుకొలత పదమూడున్నర కిలోమీటర్లకు పైనే. దాని నీడలో ఒక పెద్దాయన నిలువెత్తు కర్రకు కట్టిన స్పంజి కుంచెను నీళ్లలో ముంచి, నేలపలకల మీద అక్షరాలు రాస్తున్నాడు. చివరి అక్షరం రాసేలోగా మొదటిది ఆరిపోతోంది.

నాకు కుంచె ఇచ్చి నా భాషలో ఏదైనా రాయమన్నాడు. ‘వేంగి’ అని రాశాను. ఆయన చూసిన తీరు మరిచిపోలేను. బాగుందని మెచ్చుకుని వదిలేయలేదు. చెరిగిపోకముందే వంగి చూసి, ఏ గీత ముందు, ఏది తరవాత అని అడిగాడు. ముందు కింది గుండ్రన, తరవాత పైన ఏత్వం, ఆ పక్కన సున్న, చివర గి అని చూపించాను. అన్నీ గుండ్రంగా ఎందుకున్నాయి అన్నాడు. ఆకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది అని చెప్పడానికి నాకు వచ్చిన మాటలు ‘ఆకు’, ‘గీత’, ‘పాడవుతుంది’ అనే మూడే. ఆయనకు అర్థమైంది. పక్కన చెట్టు ఆకు తుంచి, గోటితో అడ్డంగా గీసి, చీలిక చూసి తల ఊపాడు.

జూలై 16, మంగళవారం

పెద్ద అడవిబాతు గోపురం అనే అర్థమున్న తాయెన్‌థా ఎక్కాం. శ్యువెన్‌ౘాంగ్ తెచ్చిన గ్రంథాలను భద్రపరచడానికి 652లో కట్టినది ఇది. ఇప్పుడున్న ఏడంతస్తుల ఇటుక గోపురం 64 మీటర్ల ఎత్తు, కొద్దిగా పక్కకు ఒరిగి ఉంది. దక్షిణ గుమ్మానికి రెండువైపులా గూళ్లలో 653 నాటి రెండు ఫలకాలున్నాయి. మొన్న పేలిన్‌లో చూసిన చక్రవర్తి ముందుమాటే ఇక్కడ ఛు స్వెయ్‌ల్యాంగ్ చేతిరాతలో ఉంది. అక్షరాలు సన్నగా, తీగలా సాగుతాయి. నాకు తెలిసిన అక్షరాలు పందొమ్మిది దొరికాయి. 645లో ఆయన తిరిగొచ్చినప్పుడు 657 గ్రంథాలు వెంట తెచ్చాడు. మిగిలిన పంతొమ్మిదేళ్లూ వాటిలో 75 గ్రంథాలను 1,335 సంపుటాలుగా అనువదిస్తూనే గడిపాడు.

జూలై 17, బుధవారం

ఆయన యాత్రాగ్రంథంలో మా ఊరి సంగతి ఉందని నేను చెప్పగా, లావోషి ఆ పుట వెతికి, నకలు తీసి తెచ్చారు. పాత చైనా భాష తరగతిలో మాకు పాఠం కాదు. అయినా ఇవాళ చివరి గంట దానికే ఇచ్చారు.

మొదటి మాట ‘ఆన్‌తాలువో’, ఆంధ్ర. ‘కువో’ అంటే దేశం. దాని ముఖ్యపట్టణం పేరు ‘ఫింగ్‌ఛీలువో’. దాన్ని పండితులు చాలామంది మా ఏలూరు పక్కనున్న వేంగిగా, ఇప్పటి పెదవేగిగా గుర్తించారు. తూర్పు చాళుక్యుల ఏలుబడి మొదలైన కొత్తలో, దాదాపు పదమూడు వందల ఎనభై ఏళ్ల కిందట ఆయన అటువైపు వచ్చాడు. నేల సారవంతం, పంటలు పుష్కలం, వాతావరణం వేడి, మనుషులు దుడుకువాళ్లు అని రాశాడు. ఆ తరవాత వచ్చే రెండు పొట్టి వాక్యాల కోసమే నేనింత దూరం వచ్చానని ఇప్పుడనిపిస్తోంది. ఇక్కడివాళ్ల మాట, పలుకు తీరు మధ్యభారతానికి భిన్నం. రాత పద్ధతి మాత్రం చాలావరకు అక్కడిలాంటిదే.

శాసనాల్లో తెలుగు అప్పటికే కనిపిస్తోంది కాబట్టి, ఆయన విన్నది తెలుగే అయి ఉండాలని నా నమ్మకం. సంస్కృతంలో పండిపోయిన మనిషి, ఉత్తరాది మాటలు ఏళ్ల తరబడి విన్న మనిషి, గోదావరి కృష్ణల నడుమ ఊళ్లలోకి వచ్చి, ఇది వేరే భాష అని చెవితో పట్టుకుని, లిపి చుట్టరికాన్ని కంటితో పట్టుకుని, రెంటినీ విడివిడిగా రాసుకున్నాడు. ఇప్పటికీ ఉత్తరాదిలో మమ్మల్ని మీ భాష తమిళమేనా అని అడిగేవాళ్లున్నారు.

అదే గ్రంథంలో నాగార్జునుడి పేరు ‘లుంగ్‌మెంగ్’ అని ఉంది. లుంగ్ అంటే డ్రాగన్, నాగానికి బదులు వాడిన మాట. మెంగ్ అంటే పరాక్రమం. శ్యువెన్‌ౘాంగ్‌కు రెండు వందల ఏళ్ల ముందు ఇదే నగరంలో మాధ్యమిక బౌద్ధ గ్రంథాలను అనువదించిన కుమారజీవుడు మాత్రం ‘లుంగ్‌షూ’ అన్నాడు. షూ అంటే చెట్టు. అర్జున అంటే చెట్టెలా అయిందని తరగతి అంతా అడిగితే, అర్జునం అంటే మద్దిచెట్టు అని చెప్పడానికి నేను లేచాను. జనం నోట నిలిచింది కుమారజీవుడి మాటే. నాకూ అదే నచ్చింది.

జూలై 18, గురువారం

రాతపరీక్ష రాశాం. సాయంత్రం ముస్లింల వీధిలో ఫావ్‌మో తిన్నాం. గట్టి రొట్టెను ఎవరికి వాళ్లే చేత్తో శనగగింజ అంత ముక్కలుగా తుంచి గిన్నె లోపలికి పంపితే, మాంసం పులుసులో ఉడికించి తెస్తారు. తుంచడానికి అరగంట పడుతుంది, ఆ అరగంటా మాట్లాడుకోవాల్సిందే. ఈ పట్టణంలో మాట్లాడడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి తరగతి లేదు.

జూలై 19, శుక్రవారం

ధ్రువపత్రాలిచ్చాక మధ్యాహ్నం సెలవు. తెలుగువాళ్లం ఐదుగురం, చ్యెచ్యె కలిసి ఊరికి దక్షిణాన, ఒక మెరక మీదున్న శింగ్‌చ్యావ్ ఆలయానికి వెళ్లాం. 664లో కన్నుమూసిన శ్యువెన్‌ౘాంగ్ అస్థికలను 669లో ఇక్కడికి తెచ్చి గోపురం కట్టారు. అది ఐదంతస్తుల ఇటుక గోపురం. దానికి అటూ ఇటూ శిష్యులిద్దరివి, వాటికంటే చిన్నవి. ఒక శిష్యుడు కొరియాలోని సిల్లా రాజ్యం నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు.

పెద్ద జనం లేరు. కీచురాళ్ల మోత, దక్షిణాన జుంగ్‌నాన్ కొండల వరస. నకలు కాగితం నా సంచిలో ఉంది. గోపురం ముందు నిలబడి ఆంధ్రదేశపు భాగాన్ని మొదటి నుంచీ పైకి చదివాను. రెండుచోట్ల స్వరం తప్పితే చ్యెచ్యె ఆపి సరిచేసింది. తప్పిన చోటి నుంచి మళ్లీ చదివాను. తరవాత ఆ రెండు వాక్యాలకూ తెలుగు చెప్పాను, గట్టిగానే చెప్పాను.

జూలై 20, శనివారం

విమానాశ్రయం దాకా చ్యెచ్యె వచ్చింది. ‘ౘాయ్‌చ్యెన్’ అంది. మళ్లీ చూద్దాం అని అర్థం. మొదటిది ౘాలులోని ౘ, రెండోది చెట్టులోని చ. రెండు చలనూ మొదటిసారి ఏ తడబాటూ లేకుండా పలికాను. మీ భాషలో ఏమంటారని అడిగింది. వెళ్తున్నాను అనకూడదు, ‘వెళ్లొస్తాను’ అంటామని చెప్పాను.

తనకు ‘ళ్లొ’ దగ్గర నాలుక ఆగిపోయింది. ‘వెల్లొ’ అంది. నేను వరసలో నిలబడే, ‘పది’ అను అన్నాను. ‘ష’ అంది. నాలుకను అక్కడే, మడిచినచోటే ఉంచి ‘ల’ అనమన్నాను. రెండుసార్లు కుదరలేదు. నా వంతు వచ్చి, పాస్‌పోర్టు అద్దం కింది నుంచి లోపలికి పెడుతుండగా, వెనక నుంచి ఒక్కొక్క అక్షరంగా, నిదానంగా వినబడింది: వె-ళ్లొ-స్తా-ను.